టిఫిన్ ట్రైలర్‌లో కారు స్టీరియో: కరెంటు ఎక్కడి నుంచి, ఎలా?

ఊళ్ల శివార్లలో, హైవేల పక్కన ఇప్పుడు తోపుడు బండ్లతో పాటు స్టీలు ట్రైలర్లూ కనిపిస్తున్నాయి. తెల్లవారుజామున బొలేరోకో ట్రాక్టరుకో తగిలించి తెచ్చి నిలుపుతారు. ఇడ్లీ పాత్రలు ఖాళీ కాగానే మళ్లీ లాక్కుపోతారు. పొయ్యి, కౌంటరు, చేతులు కడిగే తొట్టి, దీపాలు అన్నీ అమరాక యజమానికి తట్టే తర్వాతి కోరిక పాటలే. పాత కారు నుంచి విప్పిన స్టీరియో ఇంట్లో ఎక్కడో మూలన ఉండనే ఉంటుంది. లేకపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వాడిన సెట్లు దొరుకుతాయి. సెట్టు చేతికొచ్చాక అసలు ప్రశ్న మొదలవుతుంది. దానికి కరెంటు ఎక్కడిది?

కారులో స్టీరియో వెనుక మూడు ఏర్పాట్లు ఉంటాయి. కరెంటును దాచి ఉంచే బ్యాటరీ, ఇంజను తిరిగినంతసేపు దాన్ని నింపే ఆల్టర్నేటరు, దిగేటప్పుడు అన్నీ ఆపేసే తాళంచెవి. ట్రైలర్‌లో ఈ మూడూ ఉండవు. ఆ మూడింటికీ బదులు మీరు ఏర్పాటు చేసుకుంటే పాత సెట్టు కూడా ఏళ్ల తరబడి పాడుతుంది. ఏ ఒక్కటి వదిలేసినా ఎంత ఖరీదైన సెట్టయినా మొరాయిస్తుంది.

లాగే బండి నుంచి తీసుకుంటే?

మొదట అందరికీ వచ్చే ఆలోచన ఇదే. తగిలించేటప్పుడు ఎలాగూ ఒక వైరు కలుపుతున్నాం కదా, అందులోంచే ఇచ్చేద్దాం అనుకుంటారు. కానీ మామూలు ఏడు పిన్నుల సాకెట్టు పని దీపాల వరకే. రెండు ఇండికేటర్లు, ఎడమ, కుడి వెనుక దీపాలు, బ్రేకు దీపం, ఫాగ్ దీపం, ఒక ఎర్తు, అంతటితో ఏడూ సరి. ఎప్పుడూ 12 వోల్టులు ఉండే తీగ అందులో లేదు. వెనుక దీపం వైరును గీకి స్టీరియోకు కలిపితే దీపాలు వేసినప్పుడే పాట వస్తుంది. పైగా స్టీరియో పుణ్యమా అని ఫ్యూజు పోయిందంటే చీకట్లో మీ ట్రైలర్ వెనుక దీపాలు లేకుండా రోడ్డు మీద ఉంటుంది. దయచేసి ఆ వైరు జోలికి పోకండి.

యూరప్ తరహా 13 పిన్నుల సాకెట్టులో 9వ పిన్నుకు నిరంతరం 12 వోల్టులు వస్తాయి, 10వ పిన్ను ఛార్జింగు కోసం. అమెరికాలో క్యాంపర్ ట్రైలర్లు కొనుక్కున్న మనవాళ్లకూ అక్కడి ఏడు రేకుల సాకెట్టులో ఛార్జింగు తీగ దొరుకుతుంది. గంటల తరబడి ప్రయాణించే వాళ్లకు అది పనికొస్తుంది. ఇంటి నుంచి సెంటరు దాకా పది నిమిషాలు లాక్కొచ్చే టిఫిన్ ట్రైలరుకు ఆ కాసేపట్లో ఎక్కే ఛార్జి ఏ మూలకూ రాదు. లాగిన బండి తన దారిన తాను వెళ్లిపోతే అదీ ఉండదు.

ఇంకో మాట. పెద్ద లారీల్లో ఉండేది 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి ఆ 24 తెస్తారు. ఎవరైనా లారీ డ్రైవరు అభిమానంతో ‘మా బండి నుంచి లాగుకో’ అంటే మర్యాదగా వద్దనండి. కారు స్టీరియో తట్టుకునేది మహా అయితే 15, 16 వోల్టుల దాకా.

కాబట్టి ట్రైలరుకు సొంత బ్యాటరీ ఉండాల్సిందే. అది ఎంత పెద్దదన్నది స్టీరియో ఆకలిని బట్టి ఉంటుంది.

స్టీరియో నిజంగా ఎంత తింటుంది

సెట్టు ముఖం మీద ‘50 వాట్లు × 4’ అని మెరుస్తూ ఉంటుంది. అంటే 200 వాట్లు. ఇప్పుడు సెట్టును వెనక్కి తిప్పి అక్కడి ఫ్యూజు చూడండి. 10 లేదా 15 ఆంపియర్లది ఉంటుంది. 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లంటే 180 వాట్లు. లోపలికి 180 మాత్రమే పోగలిగిన పెట్టె నుంచి 200 వాట్ల శబ్దం ఎలా బయటికొస్తుంది? ముఖం మీద రాసింది క్షణకాలం అందుకునే గరిష్ఠం. నిలకడగా వచ్చేది ఒక్కో స్పీకరుకు 15 నుంచి 20 వాట్లు. టిఫిను తింటున్నవాళ్లు మాట్లాడుకోవడానికి అడ్డురాని శబ్దంలో అయితే సెట్టు మొత్తం లాగేది సుమారు 2 ఆంపియర్లే. బేస్ పెంచి గట్టిగా పెడితే 4, 5 దాకా పోతుంది.

ఈ 2 ఆంపియర్ల అంచనా మీ సెట్టుకు సరిపోతుందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మల్టీమీటరులో 10 ఆంపియర్ల రంధ్రానికి ఎర్ర ప్రోబు మార్చి, బ్యాటరీ ప్లస్సుకూ స్టీరియోకూ మధ్య దాన్ని వరుసలో పెట్టి, మీరు మామూలుగా వినే శబ్దంలో ఒక పాట మొత్తం వినండి. అంకె ఎగురుతూ దిగుతూ ఉంటుంది, దాని నడిమి విలువ తీసుకోండి. చూడటం అయిపోగానే ప్రోబును వోల్టుల రంధ్రంలోకి తిరిగి మార్చాలి. మరచిపోయి అలాగే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద పెడితే షార్టు చేసినట్టే.

ఇక లెక్క. ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం అయిదు గంటలు పాటలు పెడతారనుకుందాం. తొమ్మిది గంటలు, గంటకు 2 చొప్పున 18 ఆంపియర్-అవర్లు (ఏహెచ్). లెడ్-యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించితే ఆయుష్షు తగ్గిపోతుంది కాబట్టి రెట్టింపు చేయండి, 36. బజారులో దొరికే సైజుల్లో దానికి దగ్గరిది 42 ఏహెచ్. అదే బ్యాటరీ మీద 10 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండు, రోజుకు అయిదు గంటలు వెలిగిస్తే మరో 8 కలిసి 26, రెట్టిస్తే 52 అవుతుంది. అప్పుడు 65 ఏహెచ్ తీసుకోండి. వీటికి తోడు ఫ్యాను కూడా పెడతామంటే దాని వాట్లను 12తో భాగించి ఇదే పద్ధతిలో కలుపుకోండి.

కారు నుంచి తీసిన పాత బ్యాటరీ ఉంది కదా, అదెందుకు పనికిరాదని అడుగుతారు. కారు బ్యాటరీ పుట్టిందే కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు విసిరి ఇంజనును లేపడానికి. ఆ తర్వాత ఆల్టర్నేటరు వెంటనే దాన్ని నింపేస్తుంది. దాన్ని తెచ్చి రోజూ తొమ్మిది గంటలు మెల్లగా పిండటం పందెపు ఎద్దును తెచ్చి రోజంతా దుక్కి దున్నించినట్టు ఉంటుంది. కొన్నాళ్లు లాగుతుంది, తర్వాత కూలబడుతుంది. ఇంటి ఇన్వర్టరు ట్యూబులర్ బ్యాటరీ ఈ పనికి సరైన జాతిదే కానీ బరువు ఎక్కువ, లోపల ద్రవ యాసిడ్ ఉంటుంది, గుంతల రోడ్డు మీద అది చింది మూతల దగ్గర కారుతుంది. కదిలే ట్రైలరుకు నా ఓటు సీలు చేసిన ఎస్‌ఎంఎఫ్ రకానికే. నీళ్లు పోసే పని లేదు, చిందే బాధ లేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కొనే స్తోమత ఉంటే ఇంకా మంచిది. బరువు సగం కంటే తక్కువ, సామర్థ్యంలో 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. అయితే దానికి తగిన ఛార్జరు వేరే కొనాలి.

ఇంట్లో ఉన్న ఇన్వర్టరు పెట్టి 12ను 230 చేసి, మళ్లీ అడాప్టరుతో 12కు దించి స్టీరియోకు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రెండుసార్లు మార్చడంలో కొంత కరెంటు వేడిగా పోతుంది, ఊరికే ఉన్నా ఇన్వర్టరు కొంత తింటూనే ఉంటుంది. స్టీరియోకు కావలసింది 12 వోల్టులే, బ్యాటరీ ఇస్తున్నదీ అదే. మధ్యవర్తి ఎందుకు?

బ్యాటరీ ఎక్కడ పెట్టాలి

ఈ ఒక్కచోట తొందరపడకండి. మీ ట్రైలర్‌లో 19 కిలోల కమర్షియల్ సిలిండరు ఉంది. ఎల్‌పీజీ గాలి కంటే బరువు. ఎక్కడైనా లీకయితే పైకి పోదు, నేల మీద పరుచుకుని మూలల్లో, కౌంటరు కింద అరల్లో నిలుస్తుంది. చాలామంది బ్యాటరీని పెట్టేది కూడా సరిగ్గా అక్కడే, కౌంటరు కింద నేల మీద. టెర్మినల్ వదులై చిన్న మెరుపు వచ్చినా, ఫ్యూజు హోల్డరు దగ్గర చిటుక్కుమన్నా చాలు. మరోవైపు లెడ్-యాసిడ్ బ్యాటరీ ఛార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. సీలు చేసిన రకమూ ఎక్కువ ఛార్జయితే వాల్వులోంచి వదులుతుంది. అది గాలి కంటే తేలిక, పైకి పోతుంది.

అందుకని సిలిండరు ట్రైలరుకు ఒక చివర ఉంటే బ్యాటరీ రెండో చివర, వీలైతే బాడీ బయట ఉండాలి. మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ పెట్టె కొని, పై అంచుకు దగ్గరగా రెండు పక్కలా రంధ్రాలు పెట్టి, ట్రైలర్ ఫ్రేముకు బోల్టులతో బిగించండి. లోపల బ్యాటరీ కదలకుండా బెల్టు వేయండి. ప్లస్ టెర్మినల్ మీద రబ్బరు టోపీ తప్పనిసరి. పెట్టెలోకి వాన రాకూడదు, గాలి ఆడాలి. లోపలే పెట్టక తప్పని పరిస్థితి అయితే సిలిండరు అరకూ బ్యాటరీ అరకూ మధ్య పూర్తి రేకు గోడ ఉండి, బ్యాటరీ అరకు బయటి వైపు జాలీ ఉండాలి.

వైరింగు

ముందు వైరు సంగతి. 2.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీస్ట్రాండ్ రాగి వైరు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. స్పీకరు వైరులా సన్నగా ఉండే 0.75 వైరుతో సరిపెడతామంటే ఈ లెక్క చూడండి. బ్యాటరీ నుంచి స్టీరియో మూడు మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ ఆరు మీటర్లు. 5 ఆంపియర్లు లాగినప్పుడు 0.75 వైరులో దాదాపు 0.8 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 వైరులో పోయేది పావు వోల్టు. బ్యాటరీ సగానికి దిగి 12.1 చూపిస్తున్న వేళ ఆ తేడాయే సెట్టు పాడటానికీ ఆరిపోవడానికీ మధ్య తేడా. ఇళ్ల గోడల్లో కనిపించే ఒంటి తీగ వైరు వద్దు. ట్రైలర్ కుదుపులకు అది లోపలే విరుగుతుంది, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉండి మిమ్మల్ని మోసం చేస్తుంది.

1. వైరు వెళ్లే దారి గీసుకోండి. పొయ్యి వెనుక గోడకు, పెనం అంచుకు దూరంగా ఉండాలి. ముడతల పైపులో వేసి, అడుగడుక్కీ క్లిప్పు కొట్టండి. స్టీలు రేకులో రంధ్రం గుండా పోయే ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ పెట్టండి. రేకు అంచు రోజూ కొంచెం కొంచెం కోసుకుంటూ పోయి ఒకరోజు తీగను తాకుతుంది.

2. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపలే ఫ్యూజు హోల్డరు వేయండి, కానీ ఫ్యూజు ఇప్పుడే గుచ్చకండి. బ్లేడు ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15 ఆంపియర్లు. సెట్టు వెనుక 10 ఉంటే ఇక్కడా 10 లేదా 15, సెట్టు వెనుక 15 ఉంటే 15. సెట్టులో ఒక ఫ్యూజు ఉంది కదా, ఇక్కడ ఇంకోటి దండగ అనుకోవద్దు. అది సెట్టును కాపాడుతుంది. ఇది కాపాడేది మధ్యలో ఉన్న మూడు మీటర్ల వైరును, దానితో పాటు మీ ట్రైలర్‌నూ.

3. ఫ్యూజు తర్వాత చేతికందే చోట ఒక మెయిన్ స్విచ్చు, 12 వోల్టుల డీసీకి తగినది, కనీసం 20 ఆంపియర్లది.

4. నలుపు వైరును తిన్నగా బ్యాటరీ మైనస్ దాకా తెచ్చుకోండి. కారులో లాగా బాడీకి ఒక స్క్రూ కొట్టి ఎర్తు ఇచ్చేయడం ఇక్కడ నమ్మకం కాదు. టిఫిన్ ట్రైలర్ బాడీ అంటే పెయింటు వేసిన ఫ్రేము మీద రివెట్లు కొట్టిన స్టీలు రేకు. రోజూ నీళ్లతో కడుగుతారు, ఆవిరి పడుతుంది. నాలుగు నెలలకు ఆ స్క్రూ చుట్టూ తుప్పు పడుతుంది, శబ్దంలో గురగుర మొదలవుతుంది.

5. జాయింట్లు మెలితిప్పి టేపు చుట్టడం వద్దు. పొయ్యి వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. సరైన సైజు లగ్గులు, స్లీవులు కొని క్రింపింగు ప్లయర్‌తో నొక్కి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. నొక్కాక గట్టిగా లాగి చూడండి. వచ్చేస్తే ఇప్పుడే వచ్చేయనివ్వండి.

6. బ్యాటరీకి కలిపేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ చివర. విప్పేటప్పుడు మైనస్ ముందు. పానా ప్లస్ మీద ఉండగా పొరపాటున ఫ్రేముకు తగిలినా మైనస్ కలపలేదు కాబట్టి ఏమీ కాదు. వేళ్లకు ఉంగరాలు, చేతికి గాజులు, స్టీలు గడియారం ఉంటే తీసి పక్కన పెట్టాకే ఈ పని.

పసుపు, ఎరుపు

స్టీరియో వెనుక వైర్ల గుత్తిలో కరెంటు వైర్లు మూడు. నలుపు మైనస్. పసుపు ఎప్పుడూ 12 వోల్టులు ఉండాల్సినది, దాని మీదే గడియారం, దాచిన స్టేషన్లు, శబ్దం అమరికలు నిలుస్తాయి, పెద్ద కరెంటు కూడా దాని గుండానే వస్తుంది. ఎరుపు కేవలం ‘ఇక మేలుకో’ అనే సంకేతం. కారులో తాళం తిప్పితే దానికి 12 వోల్టులు వస్తాయి. విడి సెట్లలో ఈ రంగులు దాదాపు అన్ని కంపెనీలవీ ఒకటే. కారుతో పాటే వచ్చిన కంపెనీ సెట్టయితే రంగులను నమ్మకండి, సెట్టు మీది స్టిక్కరును నమ్మండి.

ఇక్కడ తాళం లేదు కాబట్టి మీ ముందు రెండు దారులు. రోజూ వ్యాపారం చేసేవాళ్లు పసుపును మెయిన్ స్విచ్చు తర్వాత నేరుగా కలిపి, ఎరుపుకు మాత్రం సెట్టు పక్కన ఒక చిన్న స్విచ్చు పెట్టుకోవాలి. మెయిన్ ఎప్పుడూ వేసే ఉంటుంది, చిన్న స్విచ్చు తాళంచెవి పని చేస్తుంది. ఆపి ఉంచినప్పుడు పసుపు గుండా పోయేది కొన్ని మిల్లీఆంపియర్లు, రోజూ ఛార్జింగు పెట్టే బ్యాటరీకి అది లెక్కలోది కాదు. పండగలకూ జాతరలకూ మాత్రమే ట్రైలర్ బయటికి తీసేవాళ్లు ఇంటికి చేరగానే మెయిన్ కూడా ఆపేయాలి. గడియారం చెరిగిపోతుంది, పోనివ్వండి.

రెండు వైర్లనూ ఒకే స్విచ్చుకు కలిపేసేవాళ్లే ఎక్కువ. పని జరుగుతుంది కానీ ప్రతి ఉదయం సెట్టు కొత్తగా పుట్టినట్టు భాష, స్టేషన్లు అన్నీ మళ్లీ అడుగుతుంది. ఒక వైపు దోసె మాడుతుంటే ఆ బటన్లు నొక్కడం మీ ఇష్టం.

మిగిలినవాటిలో నీలం ఏరియల్ మోటారుకు, నీలం-తెలుపు విడి ఆంప్లిఫయరును లేపడానికి, నారింజ డిస్‌ప్లే వెలుగు తగ్గించడానికి. మీకు అవసరం లేకపోతే ఒక్కొక్కదాని కొసకూ విడివిడిగా తొడుగు వేసి కట్టేయండి. నీలం వైర్లలోంచి 12 వోల్టులు బయటికి వస్తాయి, అవి దేనికీ తగలకూడదు.

స్పీకర్లు

తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జతలు నాలుగు స్పీకర్లకు. నల్ల గీత ఉన్నది ఆ జతలో మైనస్. రెండు స్పీకర్లే పెడితే తెలుపు, బూడిద జతలు వాడుకుని మిగతావాటిని కట్టేయండి.

స్పీకరు మైనస్‌ను బాడీకి గానీ, నల్ల వైరుకు గానీ ఎప్పుడూ కలపకూడదు. రెండు స్పీకర్ల మైనస్‌లను ఒకే తీగకు కట్టడమూ కుదరదు. పాత రోజుల రేడియోల్లో అలా నడిచేది. ఇప్పటి సెట్లలో రెండు తీగల మీదా ఆంప్లిఫయర్ పని చేస్తూ ఉంటుంది, మైనస్ అన్నది పేరుకే. ఒక్కసారి బాడీకి తగిలితే లోపలి ఐసీ మాడిపోయే ప్రమాదం ఉంది.

కారులో తలుపు లోపలి ఖాళీ స్పీకరుకు పెట్టెలా పనిచేస్తుంది. ట్రైలర్ రేకుకు నేరుగా బిగిస్తే బేస్ రాదు, రేకు మాత్రం గలగలమంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చిన్న మూసిన పెట్టెలు చేయించి వాటిలో ఆరంగుళాల స్పీకర్లు పెట్టండి. పెట్టెలను పందిరి కింద, తినేవాళ్ల వైపు తిప్పి, పొయ్యి ఆవిరి, పోపు జిడ్డు తగలనంత దూరంలో బిగించండి. సెట్టునూ అంతే. దాని ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. ఫ్రేము పట్టేంత రేకు కోసి దాన్ని దించితే ముందు భాగం నిలబడుతుంది కానీ వెనుక భాగం వేలాడుతూ ఉంటుంది. కుదుపులకు ఆ బరువే ఫ్రేమును విరిచేస్తుంది. రంధ్రాల ఇనుప పట్టీ ఒకటి కొని సెట్టు వెనుక బోల్టు నుంచి గోడకు కట్టండి.

శబ్దం విషయంలో చట్టం కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా స్పీకర్లు మోగించకూడదు. అయిదున్నరకే మొదటి వాయి దించేవాళ్లు ఆరు దాకా ఆగాలి. పగలు నివాస ప్రాంతాల్లో పరిమితి 55 డెసిబెల్స్, వాణిజ్య ప్రాంతాల్లో 65. వ్యాపారం చేసేచోట రికార్డు పాటలు జనానికి వినిపించడం 1957 కాపీరైట్ చట్టం కిందికి వస్తుంది కాబట్టి లైసెన్సు సంగతి కూడా కనుక్కుని ఉండండి.

రేడియో కూడా కావాలంటే

స్టీలు డబ్బా లోపలికి ఎఫ్ఎం సరిగా రాదు. ఏరియల్‌ను పైకప్పు మీద బిగించి, దాని అడుగు భాగం రేకుకు బాగా తగిలేలా ఆ కాస్త మేర పెయింటు గీకండి. అప్పుడు పైకప్పు అంతా ఏరియల్‌కు సాయపడుతుంది.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన సెట్టయితే ఒక చిక్కు. అక్కడి స్టేషన్లన్నీ బేసి దశాంశాల్లో ఉంటాయి, సెట్టు 101.7, 101.9, 102.1 అంటూ దూకుతుంది. హైదరాబాద్‌లో ఆకాశవాణి రెయిన్‌బో 101.9లో దొరుకుతుంది, వివిధ భారతి 102.8 మాత్రం దాని చేతికి చిక్కదు. సెట్టింగుల్లో ప్రాంతం మార్చే వీలుంటే యూరప్ లేదా ఆసియా పెట్టండి. జపాన్ సెట్లతో ఇంకా కష్టం. పాతవి 76 నుంచి 90 మెగాహెర్ట్జ్ దాకానే పోతాయి, మన స్టేషన్లు చాలావరకు అంతకు పైన ఉన్నాయి.

నింపడం

రాత్రి ఇంటికి చేరాక 230 వోల్టుల ప్లగ్గుకు పెట్టే ఆటోమేటిక్ ఛార్జరు అన్నిటికంటే సులువు. బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు కరెంటు ఇచ్చేది చాలు, 42కు 4 లేదా 5 ఆంపియర్లు. అది 14.4 వోల్టుల దాకా ఎక్కించి, నిండాక 13.6 దగ్గరికి దిగి నిలవాలి. తనంతట తాను దిగని చవక ఛార్జరు రాత్రంతా ఉంటే బ్యాటరీని ఉడకబెడుతుంది.

పైకప్పు ఖాళీగా ఉంది, రోజంతా ఎండలో నిలుస్తుంది కాబట్టి 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఆలోచన మంచిదే. మంచి ఎండలో 5 ఆంపియర్లకు కాస్త అటూ ఇటూగా ఇస్తుంది. అయిదు గంటల గట్టి ఎండ తగిలితే 25 దాకా ఎక్కుతుంది, మన లెక్కలోని 18 తీరిపోయి కాస్త మిగులుతుంది. కానీ చెట్టు నీడన నిలిపే ట్రైలరుకు ఇది దండగ. జనం వచ్చేది నీడకే కదా. ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలపకండి, మధ్యలో ఛార్జ్ కంట్రోలరు ఉండాలి. కంట్రోలరుకు ముందు బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్ కలపాలి. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు. వానాకాలానికి ఇంటి ఛార్జరు ఉండనే ఉండాలి.

మీరు నిలిపేచోట మీటరు కరెంటు ఉంటే బ్యాటరీ లేకుండానే నడుస్తుంది. సీసీ కెమెరాలకు, ఎల్‌ఈడీ బోర్డులకు వాడే జాలీ పెట్టె ఎస్ఎంపీఎస్ (230ను 12 వోల్టుల డీసీగా మార్చేది), 12 వోల్టులు, 10 ఆంపియర్లది తీసుకోండి. రౌటరు పక్కన ఉండే 2 ఆంపియర్ల అడాప్టరు పెడితే సెట్టు వెలుగుతుంది, పాట మొదలవుతుంది, తొలి డప్పు దెబ్బకే ఆరిపోతుంది. జాలీ పెట్టె మీద 230 వోల్టుల స్క్రూలు తెరిచి ఉంటాయి. తడి చేతులు తిరిగే చోట దాన్ని మూత ఉన్న డబ్బాలో పెట్టి, ఎర్తు తీగ తప్పక కలపండి. బ్యాటరీ, ఎస్ఎంపీఎస్ రెండూ ఉంటే రెండింటినీ ఒకేసారి స్టీరియోకు కలపకండి. అటో ఇటో మార్చే చేంజోవర్ స్విచ్చు పెట్టుకోండి.

తొలిసారి వేసేముందు, తర్వాత

ఫ్యూజు గుచ్చకముందు మెయిన్ స్విచ్చు వేసి, మల్టీమీటరు బీప్ మోడులో స్టీరియో దగ్గరి పసుపు, నలుపు వైర్ల మధ్య చూడండి. సెట్టు గుత్తి విప్పి ఉండాలి. మోగితే ఎక్కడో షార్టు ఉంది, వెతకండి. మోగకపోతే ఫ్యూజు పెట్టి అదేచోట వోల్టులు చూడండి. నిండిన బ్యాటరీకి 12.6 చుట్టూ రావాలి. ముందు మైనస్ గుర్తు వస్తే తీగలు తారుమారయ్యాయి. అంతా సరిగ్గా ఉన్నాకే గుత్తి గుచ్చండి.

వాడకంలో రోజూ ఒకసారి వోల్టులు చూసే అలవాటు మేలు. పాట ఆపి కాసేపయ్యాక 12.1 దగ్గరుంటే సగం అయిపోయినట్టు. 11.8కి వచ్చిందంటే ఆపేయాల్సిందే. చూసే ఓపిక లేనివాళ్లు ఆ వోల్టేజీ దగ్గర తానే ఆపేసే కటాఫ్ మాడ్యూల్ వేసుకోవచ్చు. సెట్టు తనంతట తాను ఆగేదాకా వదిలేస్తే అప్పటికే బ్యాటరీ బాగా లోతుకు దిగి ఉంటుంది.

డప్పు మోగినప్పుడల్లా సెట్టు ఆరి మళ్లీ వెలుగుతుంటే, గట్టిగా పాడుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద ఒకసారి, సెట్టు వెనుక ఒకసారి వోల్టులు చూడండి. అక్కడ 12.4, ఇక్కడ 11.2 ఉంటే బ్యాటరీ తప్పు కాదు. దారిలో ఏదో లగ్గు, ఫ్యూజు హోల్డరు, స్విచ్చు వేడెక్కుతూ ఉంటుంది, చేత్తో తాకి చూస్తే దొరుకుతుంది. రెండుచోట్లా పడిపోతుంటే బ్యాటరీయే.

రేడియోలో సన్నని ఈల వినిపిస్తే దీపాలు ఆపి చూడండి. ఆగితే చవక ఎల్‌ఈడీ డ్రైవరుదే (దీపానికి కరెంటు సర్దే చిన్న సర్క్యూటుదే) ఆ ఈల. ఏరియల్ వైరును దీపాల వైర్లకు దూరంగా మార్చి, డ్రైవరు తీగ మీద ఫెర్రైట్ రింగు తొడగండి. సోలార్ కంట్రోలరూ అప్పుడప్పుడు ఇదే పని చేస్తుంది.

ఆదివారం సెలవు ఇచ్చి సోమవారం వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయి ఉంటే, చిన్న స్విచ్చు ఆపి పసుపు వైరులో మీటరు పెట్టండి. 10 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. 100 చూపిస్తే రోజుకు 2.4 ఏహెచ్, వారానికి దాదాపు 17 ఊరికే పోతున్నట్టు. కొన్ని పాత సెట్లు లోపలి లోపం వల్ల ఇలా తాగుతూనే ఉంటాయి. బాగు చేయించే ఖర్చుకు ఇంకో సెట్టు వస్తుంది కాబట్టి పసుపును కూడా ఎరుపుతో పాటు ఆ చిన్న స్విచ్చు వెనక్కి మార్చండి. అంతకుముందు స్విచ్చు మీద 20 ఆంపియర్లు అని ఉందో లేదో చూసుకోండి, గడియారం మీద ఆశ వదులుకోండి.